సంక్రాంతి సెలవుల్లో శ్రీలంకకు, విమానం భయంతోనే

నాకు విమానం అంటే భయం. కొంచెం ఇబ్బంది అన్నంత తేలిక కాదు. టికెట్ బుక్ అయిన రోజు నుంచి నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఫోన్‌లో వాతావరణం చూస్తూ కూర్చుంటాను. కొన్నేళ్ళ కింద బెంగళూరు నుంచి వస్తుంటే వానాకాలం మబ్బుల్లో మా విమానం ఒక్కసారిగా కిందికి జారింది, ముందు సీట్లో ఆమె కాఫీ ఎగిరి పైకప్పుకు కొట్టింది, అప్పటినుంచి ఢిల్లీ అయినా షిర్డీ అయినా మాకు రైలే.

ఈసారి పిల్లలు పట్టు పట్టారు. మా పాప బడి నుంచి నాగార్జునసాగర్‌లో బుద్ధవనం పార్కు చూడటానికి పోయినప్పుడు అక్కడ శ్రీలంక వాళ్ళు ఇచ్చిన 27 అడుగుల అవుకన బుద్ధుడి ముందు ఫొటో దిగింది, అది నమూనానే, అసలు విగ్రహం లంకలో ఉందని టీచర్ చెప్పిందట, ఇక ఇంటికొచ్చిన రోజు నుంచి అదే పాట. మా ఆయన లెక్కలు వేశాడు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, రెండు గంటల లోపే ప్రయాణం, టైమ్ కూడా మనదే, గడియారం మార్చే పని లేదు. ఇంతకంటే దగ్గరి విదేశం నాకు దొరకదని ఒప్పుకున్నాను.

టికెట్లు కొన్నాక 2024 డిసెంబర్ 25న కజకిస్తాన్‌లోని అక్తావ్ దగ్గర ఒక విమానం కూలింది, 29న దక్షిణ కొరియాలో మువాన్ విమానాశ్రయంలో ఇంకొకటి రన్‌వే దాటిపోయి గోడకు గుద్దుకుని 179 మంది చనిపోయారు. ఆ వీడియో టీవీలో ఎన్నిసార్లు వేశారో. నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని, అయినా చెవిన పడేది. క్యాన్సిల్ చేద్దామా అని మా ఆయనే అడిగాడు. అవునని నోటిదాకా వచ్చింది, కానీ పాప అక్కడే కూర్చుని హోంవర్క్ చేస్తున్నట్టు నటిస్తూ వింటోంది, దాని ముఖం చూసి ఆగిపోయాను.

నాకు అసలు సాయం చేసింది మా ఆడబిడ్డ కొడుకు. శంషాబాద్‌లో విమానాల రిపేర్లు చేసేచోట పనిచేస్తాడు. అత్తా, ధైర్యంగా ఉండు అని ఊరుకోలేదు, తెల్లకాగితం తీసుకుని విమానం కదిలినప్పటి నుంచి దిగేదాకా ఏ చప్పుడు ఎప్పుడు వస్తుందో, ఎందుకొస్తుందో వరసగా రాసిచ్చాడు. ఇంజన్లు మొదలుపెట్టేటప్పుడు కింద నుంచి గుర్రు గుర్రుమంటది, అది హైడ్రాలిక్ పంపు. నేల వదిలాక ధడేల్‌మంటే చక్రాలు లోపలికి పోయినట్టు. ఇంకాసేపటికి ఇంజన్ మోత తగ్గుతది, ఇంజన్ ఆగినట్టు కాదు, ఎక్కేటప్పుడు కావలసినంత బలం ఇక అక్కర్లేక తగ్గిస్తారు. రెక్క ఊగితే మంచిదే, ఊగేటట్టే చేస్తారు, ఎగిరేటప్పుడు పడే అతి ఎక్కువ బరువుకు ఒకటిన్నర రెట్లు మోయించి చూశాకే ఆ మోడల్‌కు అనుమతి ఇస్తారు. సీట్లు రెక్క పక్కన తీసుకోండి, తోక దగ్గరకన్నా అక్కడ కుదుపు తక్కువ అన్నాడు. ధైర్యం చెప్పేవాళ్ళు నాకు చాలామంది దొరికారు, కారణం చెప్పినవాడు వీడొక్కడే.

జనవరి 11, శనివారం: నల్లగొండ నుంచి నెగొంబో

తెల్లవారుజామున నాలుగింటికి కారెక్కాం. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీదికి వచ్చేసరికి మంచు దట్టంగా ఉంది, చిట్యాల దాటాక ముందుపోయే లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనిపించలేదు. అవతలి వైపు సంక్రాంతికి ఆంధ్రాకు పోయే బండ్లు పంతంగి టోల్‌గేట్ దగ్గర ఆ చీకట్లోనే బారులు తీరి ఉన్నాయి, మా వైపు దారి ఖాళీ. "పండుగకు అందరు ఊర్లకు పోతుంటే మనం ఊరిడిసి పోతున్నం" అని మా అత్తమ్మ రెండుసార్లు అంది. ఆమె పెట్టెలో చీరలకన్నా సకినాలు, అరిసెలే ఎక్కువ. ఆమెకు ఇదే మొదటి విమానం, అయినా దారిపొడుగునా నిద్రపోయింది. పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్ చేరాం.

మంచు వల్ల విమానం ఆలస్యం. భయపడేవాళ్ళకు ఎదురుచూడటం చాలా కష్టం, దాని గురించి ఎక్కువ రాయను. లోపలికి పోయాక ఎయిర్‌హోస్టెస్‌కు నాకు భయమని ముందే చెప్పేశాను. ఇది అందరికీ చెప్తాను, సిగ్గుపడకుండా చెప్పండి, ఆ అమ్మాయి ఎంత మామూలుగా తీసుకుందంటే నాలాంటి వాళ్ళు రోజూ ఎక్కుతారని అర్థమైంది. దిగేటప్పుడు మబ్బులుంటాయి, కొంచెం కుదుపు ఉంటుంది, అది అయిపోయాక వచ్చి మాట్లాడతాను అంది.

మేనల్లుడి కాగితం పాప చేతికిచ్చాను. గుర్రు గుర్రు మొదలైంది, పాప పెన్నుతో టిక్కు పెట్టింది. నేల వదిలాం, నా గోళ్ళు మా ఆయన ముంజేతిలో దిగాయి, ధడేల్‌మంది, "అమ్మా, చక్రాలు" అని ఇంకో టిక్కు. తర్వాత మోత తగ్గింది. ఇన్నేళ్ళూ నేను ఇంజన్ ఆగిపోయిందని చచ్చిపోయేంత భయపడింది సరిగ్గా ఇక్కడే. భయం రాలేదని చెప్పను, వచ్చింది, గుండె దడదడలాడింది, అరచేతులు తడిసిపోయాయి. కానీ పాప గొంతు వినిపిస్తుంటే, ఇది కాగితంలో రాసి ఉంది అన్న ఒక్క ఆలోచన పట్టుకుని కూర్చోగలిగాను.

మన్నారు సింధుశాఖ మీద మబ్బుల్లోకి దిగాక కుదుపులు మొదలయ్యాయి. అత్తమ్మ కిటికీకి ముఖం ఆనించి రాముని వారధి కోసం వెతుకుతోంది, మబ్బు తప్ప ఏమీ లేదు. నా చెయ్యి చూసి తన చేతిలోకి తీసుకుని "ఏం గాదు బిడ్డ, సాగర్‌ల లాంచి గిట్లనే ఊగుతది గదా" అంది. మబ్బు కిందికి రాగానే కొబ్బరితోటలు, వాటి మధ్య ఎర్ర పెంకుటిళ్ళు. విమానం నేలకు తగిలింది. ఏడ్చాను, దాచుకోలేదు.

బండారనాయకే విమానాశ్రయం కొలంబోలో లేదు, దానికి ఉత్తరాన కటునాయకేలో ఉంది, నెగొంబో పక్కనే. ఆ రాత్రి అక్కడే ఉన్నాం. సముద్రపొడ్డున ఇసుక మీద పట్టలు పరిచి చేపలు ఎండబెట్టి ఉన్నాయి, ఆ వాసనకు బాబు ముక్కు మూసుకున్నాడు. మన రూపాయికి వాళ్ళ రూపాయలు మూడుకు పైనే వస్తాయి కాబట్టి బిల్లు చూసి ముందు బెదిరి తర్వాత తేరుకోవాలి. ఇడియాప్పం, కొబ్బరి సంబోల్ తిని తొమ్మిదింటికే పడుకున్నాం. చాలా రోజులకు గాఢంగా నిద్రపోయాను.

జనవరి 12, ఆదివారం: అనురాధపురం దారి

మా వ్యాను డ్రైవరు సింహళీయుడు, నా కంటే పెద్దవాడు, మేం పోతున్న లంక పాత రాజధాని అనురాధపురం పక్క పల్లెటూరు. అత్తమ్మ ఆయన్ని తెలుగులోనే "అన్నా" అని పిలిచింది, సింహళంలో కూడా అన్నయ్య లాంటి మాటేదో అనుకున్నాడో ఏమో ప్రతిసారీ పలికాడు. చిలాపం దగ్గర మున్నేశ్వరం గుడి చూశాం, రాముడు రావణుణ్ణి చంపాక బ్రహ్మహత్యా దోషం పోవడానికి ఇక్కడ శివుణ్ణి కొలిచాడని చెప్తారు.

పుత్తళం దాటి లోపలికి పోతుంటే భూమి మారింది. తడి కొబ్బరితోటలు పోయి ఎర్రమట్టి, తుప్పలు, మధ్యలో చెరువు, చెరువు కింద వరి. మా ఆయనది నిడమనూరు, సాగర్ ఎడమకాల్వ కింద వ్యవసాయం చేసిన ఇల్లు, ఆయన ప్రతి చెరువు దగ్గర వ్యాను ఆపమనడం మొదలుపెట్టాడు. నేను చూసింది వేరే. కొన్ని ఊళ్ళలో రోడ్డు పక్కన చిన్న గది, దానికి కొళాయి, జనం క్యాన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏందని అడిగితే ఆర్వో నీళ్ళు అన్నాడు డ్రైవరు. బావినీళ్ళు తాగితే పళ్ళు పాడవుతాయి, ఇంకా కిడ్నీలు పోతాయి అని, తన పెదవి పైకెత్తి పళ్ళ మీది గోధుమరంగు చారలు చూపించాడు.

నాది మర్రిగూడ వైపు. ఆ చారలు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా పిన్ని నడుము నలభై ఏళ్ళకే వంగిపోయింది, మా క్లాసులో సగం మంది నోరు మూసుకుని నవ్వేవాళ్ళం. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఇక్కడ ఈ ఉత్తర మధ్య ప్రాంతంలో 1990ల నుంచి రైతులకు కారణం తేలని కిడ్నీ జబ్బు వస్తోంది, షుగరూ లేదు, బీపీ లేదు, పొలం పని చేసేవాళ్ళకే ఎక్కువ. నీళ్ళలో ఫ్లోరైడ్, నీటి కఠినత్వం, పురుగుమందులు, ఎండలో చాకిరీ, అన్నిటి మీదా అనుమానం ఉంది. డ్రైవరు వాళ్ళ బావ డయాలసిస్ మీద ఉన్నాడట. నేను మా పిన్ని సంగతి చెప్పాను. ఇద్దరికీ వచ్చింది విరిగిన ఇంగ్లీషే, అయినా ఆ గంటసేపు మాట్లాడుకున్నంత మాట ఈ ప్రయాణంలో నేను ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

జనవరి 13, సోమవారం: భోగి, పున్నమి

మనకు భోగి, వాళ్ళకు దురుతు పోయా, పోయా అంటే పున్నమి. ప్రతి పున్నమీ లంకలో సెలవే, ఆ రోజు మద్యం అమ్మరు, మాంసం దుకాణాలూ తెరవరు. పుష్య పున్నమికి బుద్ధుడు మొదటిసారి లంకకు వచ్చాడని వాళ్ళ నమ్మకం. మేం తేదీ చూసుకుని రాలేదు, అది మా అదృష్టం.

పొద్దున ఆరింటికి శ్రీ మహాబోధి దగ్గరికి పోయేసరికి తెల్లబట్టల జనం. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, బడిపిల్లలు, అందరూ తెలుపే, చేతుల్లో తామరలు, నీలి కలువలు. ఒక్క అరుపు లేదు. అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ బోధివృక్షం కొమ్మ తెచ్చి నాటించిన చెట్టు ఇది, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం, మనిషి నాటగా నాటిన కాలం తెలిసిన చెట్లలో దీనికంటే పాతది లేదంటారు. చెట్టు మనం అనుకున్నంత పెద్దగా ఉండదు. ఎత్తైన గద్దె మీద, బంగారు రంగు కంచె లోపల ఉంటుంది, వాలిన సన్న కొమ్మలకు బంగారు పూత పూసిన ఊతకర్రలు పెట్టారు. దాన్ని ముట్టుకోనివ్వరు, కింద నిలబడి చూడటమే. ఒక ఆకు రాలితే పది చేతులు లేచాయి, దొరికినామె ఆ ఆకును కొంగులో చుట్టుకుని నుదుటికి ఆనించుకుంది.

అత్తమ్మ నేల మీద కూర్చుంది, లేవనంది. మనింట్లో రావిచెట్టుకు ప్రదక్షిణ చేసే మనిషి కదా, ఆమెకు కొత్తేమీ అనిపించలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ తన పూలలో సగం తీసి ఈమెకిచ్చింది.

అక్కడినుంచి నడుచుకుంటూ రువన్‌వెలిసాయ. దుట్టుగెమును రాజు మొదలుపెట్టిన స్తూపం, తెల్లగా, మూడు వందల అడుగులకు పైన ఎత్తు. చుట్టూ గోడంతా ఏనుగుల వరస. చెప్పులు వదిలి తడి రాతి మీద నడుస్తుంటే చలికి పాదాలు కొంకర్లు పోయాయి, తొమ్మిది దాటగానే అదే రాయి కాలడం మొదలైంది, కాబట్టి పొద్దున్నే పోవాలి. నాకు మాత్రం జేతవనం ఎక్కువ నచ్చింది. తెల్లసున్నం లేదు, ఇటుక ఇటుకగా కనిపిస్తుంది, మీద గడ్డి మొలిచి ఉంది. మూడో శతాబ్దం చివర మహాసేనుడు మొదలుపెట్టాడు, కట్టినప్పుడు 122 మీటర్లట, అప్పటికి ఈజిప్టులో రెండు పిరమిడ్లు తప్ప దీన్ని మించిన ఎత్తు కట్టడం లేదంటారు, పట్టిన ఇటుకలు తొమ్మిది కోట్లకు పైనే.

ఇంచుమించు అదే శతాబ్దంలో మన సాగర్ నీళ్ళ కింద మునిగిన విజయపురిలో ఇక్ష్వాకులు రాజ్యం చేస్తున్నారు. నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేదని, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో తామ్రపర్ణి, అంటే లంక, భిక్షువుల ప్రస్తావన ఉందని ఇంటర్ పిల్లలకు పాఠం చెప్తూనే ఉన్నాను ఇన్నేళ్ళుగా. పాఠం చెప్పడం వేరు. అభయగిరి విహారం దగ్గర మెట్ల కింద అర్ధచంద్రశిల ముందు మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. అన్నిటికన్నా బయట మంటల వరస, దాని లోపల ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు ఒకదాని వెనక ఒకటి పరుగెడుతుంటాయి, తర్వాత తీగ, తర్వాత ముక్కున మొగ్గ పట్టుకున్న హంసలు, నడుమ సగం విచ్చిన తామర. ఇలా మెట్ల ముందు సగం చంద్రుడి ఆకారంలో రాయి పరచడం నాగార్జునకొండలోనూ ఉంది, మ్యూజియం చూసినవాళ్ళకు గుర్తుంటుంది. ఆంధ్రదేశపు సున్నపురాతి శిల్పాలు అనురాధపురం తవ్వకాల్లో దొరికాయి కూడా. ఆ రాళ్ళు, ఆ భిక్షువులు ఓడలో ఎన్ని రోజులు ఊగుతూ వచ్చి ఉంటారు, వాళ్ళకు భయం వేసి ఉండదా అని ఆలోచిస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

టికెట్ సంగతి ఒకటి చెప్పాలి. అనురాధపురం, సిగిరియా కొండకోట లాంటి చోట్ల విదేశీయుల టికెట్ ఖరీదే, కానీ మనలాంటి సార్క్ (దక్షిణాసియా) దేశాల వాళ్ళకు తక్కువ. పాస్‌పోర్టు చేతిలో పెట్టుకోండి, జిరాక్స్ కాదు.

జనవరి 14, మంగళవారం: సంక్రాంతి

తెల్లవారి గెస్ట్‌హౌస్ వాకిట్లో అత్తమ్మ ముగ్గేసింది, పిండి నల్లగొండ నుంచే తెచ్చుకుంది. ఇంటావిడ వచ్చి నిలబడి చూసి, లోపలికి పోయి మందారాలు తెచ్చి మధ్యలో పెట్టింది.

ఆ రోజు కోసమే పాప వచ్చింది. కెకిరావ వైపు పోయి, కలావెవ చెరువు కట్ట మీదుగా అవుకన. కలావెవను ఐదో శతాబ్దంలో ధాతుసేన రాజు కట్టించాడు. దాని నుంచి అనురాధపురం తిస్స చెరువు దాకా యోధ ఎల అనే కాల్వ, 87 కిలోమీటర్లు, మొదటి భాగంలో మైలుకు ఆరంగుళాలే వాలు అని చెప్తారు. మా ఆయన కట్ట మీద నిలబడి "మైలుకు ఆరంగుళాలు, లెవెల్ మిషన్ లేకుండ" అని తనలో తాను అనుకుంటూ ఉన్నాడు, ఎడమకాల్వ కింద చివరి మడికి నీళ్ళు రాక రాత్రుళ్ళు కాపలా కాసిన మనిషికి తెలుస్తుంది ఆ మాట బరువు.

అవుకన బుద్ధుడు కొండరాతిలో నిలబడి ఉన్నాడు. పీఠంతో కలిపి నలభై అడుగులు దాటుతుంది. వీపు దగ్గర సన్నని రాతి పట్టీ ఒక్కటే కొండకు అంటుకుని ఉంది, మిగతాదంతా చుట్టూ చెక్కేశారు. ఒంటి మీది చీవరం మడతలు ఒకదాని పక్కన ఒకటి, వేలు పెట్టి కొలిచినట్టు సమానం. కుడిచెయ్యి ఎత్తి ఉంది, ఎడమచెయ్యి భుజం దగ్గర బట్ట పట్టుకుని ఉంది. ముక్కు చివర నుంచి వానచుక్క రాలితే సరిగ్గా రెండు పాదాల మధ్య పడుతుందని అక్కడివాళ్ళు చెప్పారు. అప్పుడే తుంపర మొదలైంది, పాప, బాబు కదలకుండా పాదాల దగ్గర కళ్ళు పెట్టి నిలబడ్డారు. చుక్క పడలేదు, గాలికి పక్కకు పోయింది, అయినా గంటసేపు కదల్లేదు. పాప తన ఫోన్‌లో బుద్ధవనం ఫొటో తీసి పక్కన పెట్టి చూసుకుంది, అదే చెయ్యి, అదే మడతలు. "మనది చిన్నదే కానీ మంచిగనే చేసిన్రమ్మా" అంది.

తిరిగి కట్ట మీదికి వచ్చాక జరిగింది ఎలా చెప్పాలో తెలియడం లేదు. చెట్టు కింద ఒకావిడ చేతులు చూసి జోస్యం చెప్తోంది, పక్కన పిల్లాడు. ఆవిడ ఆ పిల్లాణ్ణి కేకేసి నీళ్ళు తెమ్మంది. తెలుగులో. అత్తమ్మ ఠక్కున ఆగింది. వీళ్ళ గురించి నేను చదివి ఉన్నాను, సింహళీయులు అహికుంటకలు అంటారు, పాములాడించడం, జోస్యం చెప్పడం వీళ్ళ కులవృత్తి, తంబుత్తేగమ దగ్గర కుడాగమలో, ఇంకొన్ని చోట్ల ఊళ్ళు కట్టుకుని ఉంటున్నారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదవడం వేరు, చెవులారా వినడం వేరు. అత్తమ్మ ఆమె పక్కన కూలబడింది. ఇద్దరి మాటల్లో సగం ఒకరికొకరికి అర్థం కాలేదు, ఆమె మాటలో సింహళం కలిసి ఉంది, మా అత్తమ్మ మాటలో నల్లగొండ. ఇండియా నుంచి ఎప్పుడో పెద్దలు వచ్చారని తప్ప ఏ ఊరో ఏ కాలమో ఆమెకు తెలియదు. పిల్లలు బడిలో సింహళమే చదువుతున్నారట, తన మనవలు ఈ భాష మాట్లాడతారో లేదో అంది. అత్తమ్మ సంచి విప్పి సకినాలు పెట్టింది. ఆమె కొరికి, నువ్వులు గుర్తుపట్టి, తల ఊపింది. మా పాప చెయ్యి చూసి చదువు బాగుందని చెప్పి, డబ్బులు వద్దంది, అత్తమ్మ బలవంతాన చేతిలో పెట్టింది. వ్యాను ఎక్కాక చాలాసేపు మాలో ఎవరం మాట్లాడలేదు.

సాయంత్రానికి మాతలెలో ముత్తుమారియమ్మ గుడి. అక్కడ తై పొంగల్, తేయాకు తోటల తమిళుల పండుగ సందడి. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు తమిళ దేశం నుంచి కూలికి తెచ్చినవాళ్ళ వారసులు. కొత్త కుండలో పాలు పొంగుతుంటే అత్తమ్మ చేతులెత్తి మొక్కింది, పండుగ ఇల్లు వదిలి వచ్చానన్న దిగులు ఆమె ముఖంలో అప్పటితో పోయింది. సిగిరియా దూరం నుంచే చూశాం, ఆమె మోకాళ్ళతో అన్ని మెట్లు కుదరవు.

జనవరి 15, బుధవారం: కనుమ, క్యాండీ

బుద్ధుడి దంతధాతువు ఉన్న దలదా మాళిగావ గుడి. డోళ్ళు మోగుతుండగా వరసలో కదులుతూ పోయి, స్తూపం ఆకారంలో ఉన్న బంగారు పేటికను రెప్పపాటు చూడటమే, లోపలి దంతం కనిపించదు. ఎదురుగా చెరువు, 1807లో శ్రీ విక్రమ రాజసింహుడు తవ్వించింది. క్యాండీ చివరి రాజు ఆయనే, మధుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాల వంశం. 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని వేలూరు కోటకు పంపేశారు, 1832లో అక్కడే చనిపోయాడు. వాన వల్ల పెరదేనియా తోట సగమే చూశాం.

జనవరి 16, గురువారం: ముక్కనుమ, నువర ఎలియ

క్యాండీ నుంచి నాను ఓయకు రైలు. దీని గురించి అందరూ చెప్తారు, నిజమే, కిటికీ నిండా తేయాకు కొండలే. నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తు, మనకు చలికాలం అంటే తెల్లవారుజామున శాలువా, అక్కడ మధ్యాహ్నం కూడా స్వెట్టర్ తీయలేదు. సీత ఎలియలో సీతమ్మ గుడి పక్కన వాగు, రాతి మీద గుంటలు హనుమంతుడి అడుగులంటారు. అత్తమ్మ ఆ వాగు నీళ్ళు తల మీద చల్లుకుని, మా అందరి తలల మీదా చల్లింది, నాకు రెండు దోసిళ్ళు ఎక్కువ, రేపటి విమానం కోసమని.

జనవరి 17, శుక్రవారం: తిరుగు ప్రయాణం

భయం మళ్ళీ వచ్చింది, అదే చోట, అదే టైమ్‌కు. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, పొద్దున ఏమీ తినలేదు. ఇది ఒక్క ప్రయాణంతో పోయేది కాదని నాకు తెలుసు. మేనల్లుడి కాగితం మడతల్లో చిరిగిపోయింది, ఈసారి పాప దాన్ని తీయలేదు, నాకే వరస నోటికొచ్చేసింది. గుర్రు గుర్రు, ధడేల్, మోత తగ్గడం. తగ్గినప్పుడు కళ్ళు మూసుకోలేదు. దిగేటప్పుడు రెక్క మీది పలకలు లేచి సీటు కింద వణుకు వచ్చింది, కాగితంలో అదీ ఉంది, వేగం తగ్గించడానికి లేపుతారు. శంషాబాద్‌లో ఎండ కాస్తోంది.

ఇంటికి వచ్చే దారిలో చౌటుప్పల్ దాటకముందే అత్తమ్మ వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి శివరాత్రికి సాగర్ పోదాం, బుద్ధవనం చూపిస్తాను, లాంచీలో నాగార్జునకొండ మ్యూజియానికి కూడా పోదాం అని ముహూర్తం పెట్టేసింది. మా ఆయన అద్దంలో నా వైపు చూసి, వచ్చే సంక్రాంతికి బుద్ధగయ టికెట్లు చూడాలా అన్నాడు. చూడమన్నాను, తీసుకునే ముందు రెక్క పక్కన సీట్లు ఉన్నాయో లేవో అడగమన్నాను.